పద్దెనిమిది దినాల పాఠం

(కోల్‌కతాలో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం సమావేశమైన ఈ గార్డెన్ రీచ్ మనకు పరాయి చోటు కాదు. నేటి ఆగ్నేయ రైల్వేకు వలెనే, నాటి బెంగాల్ నాగపూర్ రైల్వేకూ ఇదే కేంద్రస్థానం. ఆ రైల్వే కార్మికులను సంఘటితపరచిన వారిలో వి.వి. గిరి గారు అగ్రగణ్యులు. పొరుగునే కిడర్‌పూర్ రేవు. రెండవ ప్రపంచయుద్ధానంతరం ఈ రేవు పట్టణంలో మన పూర్వులు ఏమి సాధించారో, ఏమి చేయలేకపోయారో మీకు మనవి చేయదలచాను.

ఆ యుద్ధంలో ఒడెస్సా, సెవస్తపోల్ వంటి సోవియట్ రేవు పట్టణాలు శత్రువుల దాడికి శిథిలమయ్యాయి. కలకత్తాలో అంతటి విధ్వంసం జరుగలేదు. 1943 డిసెంబరు 5న కిడర్‌పూర్ రేవుపై జపాను బాంబులు పడి కూలీలు మరణించినా, నగర సౌధాలు నిలిచే ఉన్నాయి. కూలిపోయింది పేదవాని బ్రతుకు. 1943 నాటి కరువు బెంగాలులో దాదాపు 30 లక్షల మందిని బలిగొన్నదని అంచనా. యుద్ధం ముగిసినా ఆకలి ముగియలేదు. 1946లో రేషను తిండిగింజలను మనిషికి రోజుకు 12 ఔన్సులకు తగ్గించారు. ధరల వెనుక జీతాలు పరుగెత్తలేకపోయాయి. రైల్వేలలో ఉద్యోగాల తొలగింపు భయం ఆవరించింది.

ఈ పరిస్థితులలో 1946 జూలై 11న పోస్టుమన్లు, దిగువ తరగతి తపాలా ఉద్యోగులు దేశవ్యాప్త సమ్మె ప్రారంభించారు. జూలై 29న వారికి మద్దతుగా కలకత్తా నగరమంతా సమ్మె చేసింది. ట్రాములు కదలలేదు, మిల్లులు తిరుగలేదు. మనీఆర్డర్లు ఆగితే ముందుగా నష్టపడేది ఎవరు? హుగ్లీ తీరపు జనపనార మిల్లులలో పనిచేస్తూ గంజాం, విశాఖ పల్లెలకు నాలుగు రూపాయలు పంపుకొనే మన తెలుగు కూలీల వంటివారే. అయినా కార్మికలోకం పోస్టుమన్ పక్షానే నిలిచింది. హిందువు, ముస్లిము అన్న భేదం ఆనాడు అడ్డురాలేదు.

అదే జూలై 29న బొంబాయిలో ముస్లిం లీగు కౌన్సిలు ప్రత్యక్ష చర్యకు తీర్మానించింది. ఆగస్టు 16న, అనగా సరిగా 18 దినాలకు, ఇదే నగరంలో మారణకాండ చెలరేగింది. కొద్ది దినాలలో సుమారు 4,000 మంది హతులయ్యారనీ, లక్షమంది నిరాశ్రయులయ్యారనీ అంచనా. చంపినవారు ఉభయ మతాలలోనూ ఉన్నారు. చచ్చినవారిలో అత్యధికులు ఉభయ మతాల పేదలే.

మిత్రులారా, జూలై ఐక్యత బూటకం కాదు. కాని అది పనిచోటికే పరిమితమైంది. సంఘం కార్మికులను గేటు వద్ద కలిపింది. సాయంకాలం వారు బస్తీకి మరలేసరికి అక్కడ సంఘం లేదు, వదంతి ఉంది. అయినా ఆశ చావలేదు. అయిదు నెలల అనంతరం, 1947 జనవరిలో, ట్రాము కార్మికులు మతభేదం లేకుండా సమ్మెకు దిగి 85 దినాలు నిలిచారు. ఆనాటి ఆందోళనల నడుమ ఏర్పడిన వరదాచారి వేతన సంఘం 1947లో 30 రూపాయల కనీస జీతం, 25 రూపాయల కరువుభత్యం సిఫారసు చేసింది.

నా లోపమూ ఒప్పుకొంటాను. చాలా ఏళ్లు చందా రసీదులు, గేటు మీటింగులకు వచ్చిన తలలు లెక్కించడమే సంఘ నిర్మాణమనుకొన్నాను. క్వార్టర్లలో ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో విచారించలేదు. నేడు వదంతి బస్తీ మలుపులో కాదు, మన చేతి ఫోనులోనే ఉంది. వేతనం కొరకు ఒక్కటైనవారు ఒక్క అబద్ధపు సందేశంతో విడిపోవచ్చు.

కనుక ప్రతి శాఖా నెలకొకసారి క్వార్టర్లలో, బస్తీలలో కుటుంబాలతో కూర్చోవాలని కోరుతున్నాను. ఉద్రిక్తత పుట్టిననాడు ఉభయ మతాల సభ్యులు జంటగా ఇల్లిల్లూ తిరగాలి. జూలై 29ని మనం స్మరించుకొందాం. ఆగస్టు 16ను మరువకుందాం.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!