కొత్త పన్ను పత్రాలూ, కంప్యూటరు అచ్చూ
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పుడే పంచాంగ శ్రవణం అయినది. ఏ రాశివారికి ఆదాయమెంతో, వ్యయమెంతో సిద్ధాంతిగారు చదివి వినిపించారు. ఆ ఆదాయం మీద పన్ను లేదు గనుక అందరమూ నిశ్చింతగా విన్నాము. నాకు అప్పగించిన విషయం మాత్రం పన్ను పడే ఆదాయం. పన్ను పత్రాలు మారినప్పుడల్లా, వాటిని కంప్యూటరులో నింపి అచ్చుతీసి యిచ్చేవారు యేమనుకుంటున్నారో చెప్పమని సంఘంవారు ఆదేశించారు. తిరువళ్లూరులోనూ, యిక్కడ తిరుత్తణిలోనూ యీ పనిలో వున్న కొందరితో మాట్లాడాను. వారు చెప్పినదీ, నాకు తోచినదీ కలిపి విన్నవిస్తాను.

1998లో 'సరళ్' అని ఒక్క పేజీ పత్రం వచ్చింది. పేరుకు తగినట్లే వుండేది. చేత్తో నింపి, జీతపు ధ్రువపత్రం జతచేసి, కార్యాలయంలో యిచ్చి ముద్ర వేయించుకొంటే పని తీరేది. 2007లో ఐటిఆర్ పత్రాల వరుస వచ్చింది. వీటికి ఏ కాగితమూ జతచేయనక్కరలేదు. తర్వాత కొద్దికాలానికి, లెక్కను ఇంటర్నెట్ ద్వారా పంపి, 'ఐటిఆర్-వి' అనే రసీదును అచ్చుతీసి, సంతకంచేసి, బెంగుళూరులోని కేంద్రానికి తపాలాలో పంపే పద్ధతి స్థిరపడింది.

ఆ ఒక్క పేజీకి వున్న నియమాలు ఏ వ్రతానికీ వుండవేమో! తెల్లని ఎ-4 కాగితమే వాడాలి. ఇంక్‌జెట్టో, లేజరో అయిన యంత్రం మీదనే అచ్చు తీయాలి. అక్షరాలు నల్లసిరా, సంతకం నీలిసిరా. అడుగునున్న బార్‌కోడు మీద గీత పడరాదు, పిన్ను గుచ్చరాదు, అంచున చిల్లులున్న కాగితం వాడరాదు. ఆ రోజులలో మన బజారులోని లెక్కల దుకాణాలలో వుండేదేమో బిల్లులు కొట్టే డాట్ మాట్రిక్స్ యంత్రం, దానికి చిల్లుల కాగితమే! 120 రోజులలోగా ఆ రసీదు బెంగుళూరు చేరకపోతే, అసలు లెక్కే దాఖలు చేయనట్లు. పన్ను కట్టినవాడు కట్టాడు, నింపినవాడు నింపాడు, అచ్చు మసకబారినందుకు వాపసు రావలసిన సొమ్ము ఆగిపోయేది.

2015 నుంచి ఆధార్ ఫోనుకు వచ్చే అంకెలతోనే ధ్రువీకరించే వీలు కలిగింది. తిరువళ్లూరులో ఒక యువకుడు దీనిని వరమంటాడు. కాకళూరు పేటలోని ఫ్యాక్టరీలలో పనిచేసేవారు రాత్రి షిఫ్టు దిగి వచ్చినా పది నిమిషాలలో పని ముగుస్తుందట. 2022 ఆగస్టు 1 నుంచి ధ్రువీకరణకు గడువు 30 రోజులే అయినా తనకు చింత లేదన్నాడు. తిరుత్తణిలో ముప్పై యేళ్లుగా యీ పని చేస్తున్న పెద్దమనిషి మాట వేరు. "అచ్చుతీసి చేతికిస్తేనే మనిషి చదివేవాడండీ. మగ్గాల యజమాని కళ్లద్దాలు పెట్టుకొని, ఇదేమిటి, నా అప్పు వడ్డీ ఏదీ అని అడిగేవాడు. ఇప్పుడు ఫోనులో అంకెలు చెప్పి వెళ్లిపోతున్నాడు" అన్నారు. నా ఓటు యీయనకే.

ఒక విషయంలో మాత్రం యిద్దరిదీ ఒకే మాట. పత్రం మారడం వేరు, దానిని నింపే సాఫ్టువేరు చేతికి రావడం వేరు. 2025లో పత్రాలూ, సాఫ్టువేరూ ఆలస్యమై, జూలై 31 గడువు సెప్టెంబరు 15కు, ఆఖరున మరొక్క రోజు 16కు జరిగింది. అచ్చుతీస్తే పేజీలకు పేజీలు ఖాళీ గళ్లూ, సున్నలూ వస్తాయి. బ్యాంకు అప్పుకు వెళ్లినవారు మూడేళ్ల కాగితాలు అడిగితే, జిరాక్సు ఖర్చు చూసి పన్నే నయమంటారు. అమెరికాలోనూ 2018 సంవత్సరపు 1040 పత్రాన్ని పోస్టుకార్డంత చేస్తామని కుదించి, వెనుక ఆరు అనుబంధాలు తగిలించారు. మరుసటి యేడు వాటిని మూడు చేశారు. పత్రం చిన్నదైనంత మాత్రాన లెక్క చిన్నది కాదు గదా!

ఇక మన తెలుగువారికే ప్రత్యేకమైన చిక్కొకటి వున్నది: పేరు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మదరాసు రాష్ట్రంలోకి వచ్చింది. మనలో కొందరు వలస వచ్చారు, కొందరి విషయంలో సరిహద్దే వలస వచ్చింది. ఇక్కడి బడిలో తండ్రి పేరులోని మొదటి అక్షరం పెట్టి వ్రాశారు. తిరుపతిలో చదివిన తమ్ముడికి ఇంటిపేరు నిలిచింది. పాన్ దరఖాస్తు పొడి అక్షరాలను ఒప్పుకోదు గనుక తండ్రి పేరే ఇంటిపేరై కూర్చుంది. ఆధార్‌లో మళ్లీ పొడి అక్షరమే. చేత్తో వ్రాసే రోజులలో గుమాస్తా రెండూ చూసి, మనిషి ఒకడేనని గ్రహించేవాడు. యంత్రానికి ఆ దయ లేదు. ఆధార్‌తో జతకాని పాన్ 2023 జూలై 1 నుంచి పనిచేయకుండా పోయింది. వాపసు ఆగింది, ముందుగా కోసే పన్ను హెచ్చింది.

ఇంతకంటె ముఖ్యమైనది, పనివారే కొంచెం మొగమాటంతో చెప్పినది మరొకటి. చాలామంది ఖాతాలలో వున్న ఫోను నెంబరూ, ఈ-మెయిలూ నింపినవారివే. సౌకర్యానికి అలా పెట్టారు. కాని నోటీసులు ఇప్పుడు తపాలా బంట్రోతు తేడు. ఆ ఈ-మెయిలుకే వస్తాయి. నింపినవారు వూరు మారినా, కాలంచేసినా, మీ మీద వచ్చిన ప్రశ్న మీకు తెలియకుండానే జవాబు గడువు దాటిపోతుంది. తిరుత్తణి పెద్దమనిషి తన వద్దకు వచ్చేవారందరి నెంబర్లూ ఒక్కొక్కటిగా మార్చి, ఖాతా మొదటి పేజీ అచ్చుతీసి చేతికిస్తున్నారు. దానికి రుసుము తీసుకోవడం లేదు.

2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే 2025 చట్టంలో 'అసెస్‌మెంటు సంవత్సరం' అనే మాట పోయి 'పన్ను సంవత్సరం' అనే మాట వస్తుంది. పత్రాలు మళ్లీ మారతాయి. పాత యేళ్ల అచ్చుప్రతులు పారవేయకండి, పాత లెక్కలకు పాత చట్టమే.

ఆ పెద్దమనిషి సభలోనే వున్నారు. పాన్, ఆధార్ కార్డులు వెంట తెచ్చుకొన్నవారు వరండాలో ఆయనను కలుసుకొని, పేరూ, ఫోను నెంబరూ సరిచూసుకోవచ్చును. పులిహోర వడ్డన అయిన తర్వాతనే సుమా!