చదువు రాని పిల్లలకు చదువు చెప్పే చదువు
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం లీడరు చేసిన ప్రసంగం)



పొదుపు, అప్పులు, వసూళ్ల లెక్కలు ఇందాకే చదివారు. నేను ఒక్క విషయం అడగడానికి లేచాను. మనం గేదెలకు అప్పు ఇస్తున్నాం, కుట్టు మిషన్లకు ఇస్తున్నాం, కిరాణా కొట్లకు ఇస్తున్నాం. మన ఆడపిల్ల ప్రత్యేక విద్య టీచరు కోర్సు చదువుతానంటే దానికీ ఇవ్వాలని మా గ్రామ సంఘం తరఫున అడుగుతున్నాను.

ఆ టీచరు ఏం చేస్తుందో ముందు చెప్తాను. మన ఇళ్లల్లో కొంతమంది పిల్లలుంటారు. మాట చురుకు. కొట్టుకు పంపితే చిల్లర పైసాతో సహా తెస్తారు. పుస్తకం ఇస్తే మాత్రం నోరు పెగలదు. ‘మ’కీ ‘య’కీ, ‘ప’కీ ‘వ’కీ తేడా పోల్చుకోలేరు. ఒత్తులు, గుణింతాలు తారుమారు చేస్తారు. ఇంకొంతమంది ఒక్కచోట కుదురుగా కూర్చోలేరు, చెప్పింది సగం వినేసరికే మనసు ఇంకెక్కడికో పోతుంది. మొదటిదాన్ని అభ్యసన వైకల్యం అంటారు, రెండోదాన్ని ఏడీహెచ్‌డీ అంటారు. రెండూ తెలివితక్కువతనం కాదు, బద్ధకం అంతకన్నా కాదు. వాళ్ల మెదడు పనిచేసే తీరు వేరు, కాబట్టి చెప్పే తీరు కూడా వేరుగా ఉండాలి. మొద్దు అని తిట్టినా, బెత్తంతో కొట్టినా అక్షరం రాదు.

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు. అందులో అభ్యసన వైకల్యం ఉంది. ఏడీహెచ్‌డీ ఆ జాబితాలో విడిగా లేదు. కానీ బడికి, అంగన్‌వాడీకి వచ్చే బాల స్వాస్థ్య డాక్టర్ల బృందం చూడాల్సిన వాటిలో రెండూ ఉన్నాయి. కాబట్టి ఆ బృందం వచ్చిన రోజు మీరే వెళ్లి అడగండి.

మా ఊళ్లో ఒక సభ్యురాలి కొడుకు నాలుగో తరగతిలో బడి మానేస్తానని మొండికేశాడు. వాడిని మండలంలోని భవిత కేంద్రానికి తీసుకెళ్లారు. అక్కడి టీచరమ్మ ముందు వాడికి ఏం రాదో కాదు, ఏం వచ్చో రాసుకుంది. పళ్లెంలో ఇసుక పోసి వేలితో అక్షరం రాయించింది, రాస్తూ పైకి పలికించింది. పోలిక ఉన్న రెండు అక్షరాలు ఒకే రోజు చెప్పలేదు. ఒకసారికి ఒక్క పనే చెప్పేది. పది నిమిషాలు చదివించాక లేచి తిరగనిచ్చేది. ఏడాది తిరిగేసరికి వాడు బస్సు బోర్డు కూడబలుక్కుని చదివాడు. క్లాసులో మొదటివాడు కాలేదు, కానీ బడి మానలేదు.

అక్కలారా, ఇది జాలితో చేసే పని కాదు, నేర్చుకుని చేసే పని. ఇంటర్ 50 శాతం మార్కులతో పాసైతే ప్రత్యేక విద్యలో రెండేళ్ల డిప్లొమా చదవొచ్చు. డిగ్రీ అయినవాళ్లకు బీఈడీ ఉంది. చదువయ్యాక భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేయించుకోవాలి, ఆ నంబరు ఉంటేనే పని చేసే హక్కు. సికింద్రాబాద్‌లో 1984లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి ఈ రంగంలో శిక్షణ ఇస్తోంది. ఫీజు కట్టే ముందు ఆ కాలేజీకి, ఆ కోర్సుకు మండలి గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. గుర్తింపు లేని చోట ఇచ్చే సర్టిఫికెట్ చిత్తు కాగితంతో సమానం.

ఉద్యోగాలు ఉన్నాయా అని అడుగుతారు. భవిత కేంద్రాల్లో, ప్రత్యేక పాఠశాలల్లో, ప్రైవేటు బడుల్లో ఉన్నాయి. ఉన్నమాట చెప్పాలి, చాలావరకు కాంట్రాక్టు ఉద్యోగాలే, జీతం గొప్పగా ఉండదు. అయితే ఇలాంటి పిల్లలు ప్రాథమిక తరగతుల్లో పదిమందికి ఒకరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక టీచరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. ఆ లెక్కన మన మండలానికి ఎంతమంది కావాలో, ఇప్పుడు ఎంతమంది ఉన్నారో మీరే చూడండి.

గేదె అయితే మర్నాటి నుంచి పాలిస్తుంది, చదువు ఏమిస్తుంది అని మా సంఘంలోనే ఒక పెద్దమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. అందుకే మా తీర్మానం ఇలా రాశాం: చదివే రెండేళ్లూ వడ్డీ మాత్రమే, అసలు కిస్తీలు చదువు అయిన ఆరు నెలల తర్వాత. తల్లి, ఆమె సంఘం కలిసి హామీ.

మా ఊళ్లో ఇంటర్ పాసైన అమ్మాయి ఒకతి సెలవుల్లో ఆ టీచరమ్మ పక్కన కూర్చుని పని నేర్చుకుంది. ఈ కోర్సే చదువుతానంటోంది. ఫీజుకు దారి లేదని వాళ్ల నాన్న సంబంధాలు చూస్తున్నాడు. అడ్మిషన్లు అయిపోతే ఆ పిల్ల మాట వినేవాళ్లు ఉండరు.

ఈ తీర్మానం ఇప్పుడు మీ ముందుకు వస్తుంది. చేయి ఎత్తే ముందు మీ ఊళ్లో చదువు రాలేదని పనికి పంపిన పిల్లల పేర్లు ఒకసారి మనసులో లెక్కపెట్టుకోండి. ఆ తర్వాత మీ ఇష్టం.