ఒండ్రు లెక్క, కంప్యూటర్‌కు పరీక్ష

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "నీ పని గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు, అందరికీ అర్థమయ్యేటట్టు" అన్నాడు. రెండో షరతే కష్టం. నా పని ఏమిటంటే, నదిలో ఇసుక, ఒండ్రు ఎక్కడ నుంచి ఎంత కొట్టుకొస్తాయి, ఎక్కడ మేట వేస్తాయి, ఎక్కడ కోత పడుతుంది అన్నది కంప్యూటర్‌లో లెక్కకట్టడం. ఆ లెక్కల కూర్పునే మేం నమూనా అంటాం. నమూనా ఎలా తయారవుతుందో కొద్దిగా చెబుతాను. దాన్ని నమ్మవచ్చో లేదో ఎలా తేల్చుకుంటామో ఎక్కువగా చెబుతాను. పరీక్షలు రాసినవాళ్ళూ, పెట్టినవాళ్ళూ, దిద్దినవాళ్ళూ అందరూ ఇక్కడే ఉన్నారు కనుక ఆ సంగతి మీకు సులువుగానే అర్థమవుతుంది.

ముందుగా, ఈ లెక్క ఎవరికి కావాలి? తుంగభద్ర జలాశయాన్ని తీసుకోండి. 1953లో నీళ్ళు నిలిపినప్పుడు దాని సామర్థ్యం 132.47 టీఎంసీలు. 2008 సర్వేలో అది 100.86 టీఎంసీలని తేలింది. అంటే 55 ఏళ్ళలో 31 టీఎంసీలకు పైగా నీళ్ళు పట్టే జాగాను పూడిక ఆక్రమించింది. ఆ జాగా మీద కర్ణాటక రైతులూ, మన రాయలసీమ, పాలమూరు రైతులూ ఆధారపడి ఉన్నారు. పూడిక ఏటా ఎంత పెరుగుతుందో తెలియకపోతే వాటాలు పంచుకోవడం కాగితం మీద మాటే.

గోదావరి దగ్గర కథ తిరగబడింది. ఎగువ జలాశయాల్లో ఆగిన ఒండ్రు డెల్టాకు చేరదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రచురించిన లెక్క ప్రకారం, 1970లలో డెల్టాకు ఏటా సగటున సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు చేరేది. 1990లకు అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. సముద్రం తన కోత తాను కోస్తూనే ఉంటుంది, నది తెచ్చి పూడ్చేది తగ్గిపోయింది. ఒకచోట మట్టి ఎక్కువై బాధ, ఇంకోచోట చాలక బాధ. రెండూ ఒకే ఖాతాలోని జమా ఖర్చులు.

ఇప్పుడు మట్టి స్వభావం చూద్దాం. వరద రోజుల్లో ఒక గాజు గ్లాసులో ఎర్రనీళ్ళు ముంచి కదపకుండా పెట్టండి. ఇసుక రేణువులు వెంటనే అడుక్కి చేరతాయి. ఆ పైన మెత్తటి ఒండ్రు నెమ్మదిగా దిగుతుంది. బంకమట్టి మాత్రం మర్నాటికి కూడా నీళ్ళను రంగు మార్చే ఉంచుతుంది. లెక్క వేస్తే, మిల్లీమీటరులో పదో వంతు ఉన్న ఇసుక రేణువు నిలకడ నీటిలో ఒక మీటరు దిగడానికి సుమారు రెండు నిమిషాలు పడుతుంది. నూరో వంతు ఉన్న ఒండ్రు రేణువుకు మూడు గంటల దాకా పడుతుంది. వెయ్యో వంతు ఉన్న బంకమట్టి రేణువుకు పది రోజుల పైనే.

మన అమ్మమ్మలు ఆ పది రోజులు ఆగలేదు. బిందె లోపల ఇందుపగింజ అరగదీసేవారు, లేదా పటిక తిప్పేవారు. విడివిడిగా తేలే మట్టి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని బరువెక్కి దిగిపోయేవి. నది సముద్రంలో కలిసేచోట ఉప్పునీరు చేసేది కూడా దాదాపు ఇదే పని. అందుకే ఏటి మొగల దగ్గర బంక అంత త్వరగా పేరుకుంటుంది. ఇసుకకు ఒక సూత్రం, బంకమట్టికి ఇంకో సూత్రం ఎందుకు పెట్టాలో ఆ బిందె చెబుతుంది.

నమూనాకు మూలసూత్రాన్ని ఆస్ట్రియా శాస్త్రవేత్త ఫెలిక్స్ ఎక్స్‌నర్ 1920లలో రాశాడు. అది ఇంటి జమా ఖర్చుల పుస్తకం లాంటిదే. నదిని ముక్కలుగా విడగొట్టండి. ఒక ముక్కలోకి వచ్చిన మట్టిలో నుంచి బయటకు వెళ్ళిన మట్టిని తీసేయండి. మిగిలింది అడుగున చేరుతుంది, తక్కువపడితే అడుగు నుంచే లేస్తుంది. ఉదాహరణకు కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు ఉన్న ముక్కలో ఒక రోజు 10,000 టన్నుల ఇసుక మిగిలిపోయిందనుకోండి. అది పరుచుకుంటే నది అడుగు 12 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఒక రోజుకు ఇది చిన్నదే. వరద కాలమంతా, ఇరవై ఏళ్ళ పాటు అయితే చిన్నది కాదు.

జమా ఖర్చులు రాయడం తేలికే. ఆ ముక్కలో నుంచి ఎంత మట్టి బయటకు వెళుతుందో చెప్పడమే కష్టం. 1936లో బెర్లిన్‌లో షీల్డ్స్, 1948లో జ్యూరిక్‌లో మేయర్-పీటర్, ముల్లర్, 1967లో డెన్మార్క్‌లో ఎంగెలుండ్, హాన్సెన్ ఈ ప్రశ్న మీద కృషి చేశారు. ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ కొడుకు హాన్స్ ఆల్బర్ట్ కూడా జీవితమంతా నది ఇసుక మీదే పనిచేశాడు. ఇంతమంది పనిచేసినా, సూత్రం చెప్పిన అంకె కొలతలో సగానికీ రెట్టింపుకూ మధ్య ఉంటే బాగానే ఉందనుకోవడం మా రంగంలో ఆనవాయితీ.

కారణం చెబుతాను. ఎంగెలుండ్, హాన్సెన్ సూత్రంలో ఇసుక రవాణా నీటి వేగానికి అయిదో ఘాతంగా పెరుగుతుంది. వేగం అంచనాలో పది శాతం తేడా వస్తే, 1.1ని అయిదుసార్లు హెచ్చించి చూడండి, 1.61 వస్తుంది. ఇసుక లెక్కలో 61 శాతం తేడా! మా లెక్కల మాస్టారు ఘాతాంకాలు చెబుతున్నప్పుడు ఇవి ఎక్కడ పనికొస్తాయని గుసగుసలాడుకున్న వెనక బెంచీవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. ఇదిగో, ఇక్కడ పనికొస్తాయి.

ఇక పరీక్షల సంగతి. మొదటిది ఒకటో తరగతి పరీక్ష. ఎక్కడా ఒక్క గింజ పుట్టకూడదు, మాయమవకూడదు. లోపలికి వచ్చినది, బయటకు పోయినది, అడుగున చేరినది, నీటిలో తేలుతున్నది అన్నీ కూడితే ఖాతా సరిపోవాలి. నీళ్ళు కదలకపోతే అడుగు కదలకూడదు. ఇది తప్పిన నమూనాను ముందుకు తీసుకెళ్ళనివ్వం.

రెండోది ప్రయోగశాల పరీక్ష. రూర్కీ విశ్వవిద్యాలయంలో సోనీ, గార్డే, రంగరాజు చేసిన ప్రయోగం 1980లో అచ్చయింది. 30 మీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న కాలువలో 0.32 మిల్లీమీటర్ల ఇసుక పరిచి, నీరు, ఇసుక నిలకడగా ప్రవహించేటట్టు చేశారు. తర్వాత పైకొన దగ్గర అదనంగా ఇసుక పోస్తూ, అడుగు ఎక్కడ ఎంత లేచిందో కొలిచారు. ఇసుక మేట ముందుకు పాకుతూ వెళ్ళిన తీరంతా ఆ కొలతల్లో ఉంది. ప్రపంచంలో ఎందరో తమ నమూనాలను ఆ కాలువ కొలతలతో పోల్చి చూసుకుంటారు. మేమూ అదే చేశాం. మన దేశంలో, ఇరుకైన ఒక కాలువలో, ఓపికగా తీసిన కొలతలు ఇన్నేళ్ళ తర్వాత కూడా అందరికీ ప్రశ్నపత్రంగా పనికొస్తున్నాయి.

మూడోది అసలైన నది. ఏ నదో, ఎవరి కోసమో ఇక్కడ అవసరం లేదు. ఒక జలాశయం, దాని ఎగువన లంకలున్న నది, ఒడ్డున ఊళ్ళు. పూడిక వల్ల ముందుముందు వరద మట్టం ఎంత పెరుగుతుంది, ఊళ్ళకు గట్టు ఎంత ఎత్తు వేయాలి అన్నది ప్రశ్న. నదిలో గరుకుదనం లాంటి కొన్ని విలువలు నేరుగా కొలవలేం. పాత సంవత్సరాల కొలతలతో లెక్క కలిసేదాకా వాటిని సవరిస్తాం. దీన్ని క్యాలిబ్రేషన్ అంటాం. బడి భాషలో ఇది పాఠం నేర్పడం. పాఠంలో చేయించిన లెక్కే పరీక్షలో ఇస్తే ఎవరైనా నూటికి నూరు తెచ్చుకుంటారు. దాన్నిబట్టి పిల్లవాడికి లెక్కలు వచ్చాయని ఏ మాస్టారూ అనరు.

అందుకని పెద్ద వరద వచ్చిన ఒక సంవత్సరం కొలతలను పక్కన పెట్టేశాం. నమూనా మీద పనిచేసేవాళ్ళెవరికీ అవి కనబడకుండా వేరే సహోద్యోగి దగ్గర ఉంచాం. ఇది కొందరికి నచ్చలేదు. ఒక సమావేశంలో ఒక పెద్దాయన, "ఉన్న కొలతలన్నీ వాడేయండి. గీతలు చక్కగా కలిసేటట్టు చూపించండి. చివరికి ఒక్క అంకె ఇవ్వండి, చాలు" అన్నారు. గడువు దగ్గరపడుతోంది, ఆయన మీద కూడా ఒత్తిడి ఉంది. అయినా మేం ఒప్పుకోలేదు.

మామూలు సంవత్సరాల్లో నమూనా బాగానే చెప్పింది. దాచిన వరద సంవత్సరం విప్పి చూస్తే, మొత్తం మేట పరిమాణం దగ్గరగానే వచ్చింది, చోటు మాత్రం వేరు. నమూనా ఇసుకను ఆనకట్ట వైపు దింపింది. నది దాన్ని ఎగువన, లంకల దగ్గర దింపింది. కారణం వెతికితే లంకల్లోనే దొరికింది. నీరు లంకల మీదికి ఎక్కాక అక్కడి రెల్లుగడ్డి, చెట్లు దాని వేగాన్ని తగ్గిస్తాయి. నమూనా మాత్రం నది అడ్డుకోతనంతా ఒకే వేగంతో చూస్తోంది. నడిమి పాయను, లంకలను విడదీసి లెక్కకట్టాక చోటు సరిపోయింది. మేట ఎగువన పడితే ఊళ్ళ దగ్గర వరద మట్టం ఇంకా పెరుగుతుంది. కొలతలన్నీ కలిపి గీతలు అందంగా చూపించి ఉంటే, ఈ సంగతి గట్టు కట్టాక వచ్చే వరదే చెప్పేది.

ఇంకో మాట. సరిచేసిన నమూనాను మళ్ళీ అదే సంవత్సరంతో పరీక్షించి పాసైందనడం కుదరదు. ఒకసారి విప్పిన ప్రశ్నపత్రం మళ్ళీ పరీక్షకు పనికిరాదు. అందుకే తర్వాతి వరద కాలం పూర్తయ్యేదాకా ఆగి, ఆ కొలతలతో చూశాకే నివేదిక ఇచ్చాం. అందులోనూ ఒక్క అంకె ఇవ్వలేదు. తక్కువలో తక్కువ ఇంత, ఎక్కువలో ఎక్కువ ఇంత అని రాశాం. గట్టు ఎత్తు పై అంకెను చూసి నిర్ణయించమన్నాం.

మరి కొలతలు తప్పైతే? ఉపాధ్యాయులు అడగవలసిన ప్రశ్న ఇదే, జవాబుల కాగితమే తప్పుంటే ఎలా అని. ఇందాకటి తుంగభద్రకే వస్తాను. 2008లో 100.86 టీఎంసీలన్న సామర్థ్యం, 2016 సర్వేలో 105.79గా వచ్చింది. ఎనిమిదేళ్ళలో పూడిక తరిగిపోయి జలాశయం తనంతట తాను పెద్దదైందా? కొలిచే పద్ధతి మారితే దాదాపు 5 టీఎంసీల తేడా రావచ్చని అర్థం. పరీక్షలో నమూనాకు మార్కులు వేసేముందు, కొలతకు కూడా ఎంత నమ్మకం ఉందో రాసుకోవాలి.

నదిలో ఈ కొలత ఇంకా కష్టం. ఏడాది ఒండ్రులో ఎక్కువ భాగం కొద్ది వరద రోజుల్లోనే కదులుతుంది. పడవ నదిలోకి దిగలేనిది కూడా ఆ రోజుల్లోనే. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరిన రోజులు నా వయసువాళ్ళకు గుర్తుంటాయి. అటువంటి నీటిలో సీసా దించి నమూనా పట్టుకోవడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. కంప్యూటర్ ముందు కూర్చునే నాలాంటివాళ్ళ పని ఆ సీసా పట్టుకున్న మనిషి మీదే ఆధారపడి ఉంది. ఆయన పేరు ఏ నివేదికలోనూ ఉండదు.

అందుకే సంఘానికి ఒక ప్రతిపాదన చేస్తున్నాను. మన బడికి ఏరు దగ్గర. సైన్సు ల్యాబ్‌లో వడపోత కాగితం ఉంది. మిల్లీగ్రాముల దాకా తూచే మంచి త్రాసు ఒకటి మనం కొనిద్దాం. జూన్ నుంచి అక్టోబరు దాకా వారానికోసారి, ఒక ఉపాధ్యాయుడు రేవు మెట్ల దగ్గర నుంచి, ప్రమాద హెచ్చరిక లేని రోజున, ఒక లీటరు నీళ్ళు తేవాలి. పిల్లలు దాన్ని వడగట్టి, ఆరబెట్టి, తూచి, తేదీ, నీటిమట్టం వేసి పుస్తకంలో రాయాలి. ఒడ్డు పక్క నీళ్ళు నది మొత్తాన్ని చెప్పవు, నిజమే. కానీ ఒకే చోట, ఒకే పద్ధతిలో, ఏటా రాసిన అంకెలు నది మారుతున్న తీరును చెబుతాయి. ఏ సంవత్సరం వదలకుండా రాయాలి, నచ్చని అంకెను కొట్టేయకూడదు. ఈ రెండే నియమాలు.

త్రాసు ఖర్చులో సగం నాది. మిగతా సగం ఎవరిదో భోజనాలకు లేచేలోపు కార్యదర్శి దగ్గర పేరు రాయించండి. వచ్చే జూన్‌లో ఎర్రనీళ్ళు దిగేసరికి మొదటి పేజీ మొదలవ్వాలి.