ఇఖామాపై నిలిచిన కాపురాలు



సాగర్ ఎడమ కాలువ కింది మిర్యాలగూడ, కోదాడల నుండి సౌదీకి వెళ్లిన మనవారి కాపురాలన్నీ ఇఖామా అనే చిన్న కార్డుపైనే నిలిచి ఉన్నవి. అద్దె ఇల్లు, బ్యాంకు ఖాతా, పిల్లల బడి, అన్నిటికీ అదే ఆధారం. 2017 జూలైలో ఆ ప్రభుత్వం ఆధారిత కుటుంబ సభ్యులు ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్ల రుసుము విధించింది. 2020 నాటికి అది 400 అయినది. భార్య, ముగ్గురు పిల్లలున్న ఇంటికి నెలకు 1,600! చిన్న జీతగాడు ఆలుబిడ్డలను వెనక్కి పంపక ఏమి చేయగలడు?

తిరిగి వచ్చిన పిల్లలకు ఉర్దూ వచ్చు, ఇంగ్లీషు వచ్చు. తెలుగు అక్షరం రాదు. తెలంగాణలో 2018 చట్టం బడులలో తెలుగును తప్పనిసరి చేసింది. అందుచేత, వెళ్లే తల్లులను మేము కోరేది ఒక్కటే: పెట్టెలో ఒక తెలుగు వాచకం పెట్టుకొనండి. ఊరగాయ జాడీని ఎవరూ మరువరు గదా!