బిడ్డ ఎత్తులో కూర్చుని చూస్తే
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ బడిలో లెక్కల్లో నాకెప్పుడూ అత్తెసరు మార్కులే. అయినా ముప్పై ఏళ్లు అంకెలు రాసే పనే చేశాను. అంగన్‌వాడీ టీచరుగా ఇంటింటికీ తిరిగి చంటిపిల్లల బరువులు రాసుకునేదాన్ని.

ఒక ఇంట్లో పాప బరువు చార్టులో ఎప్పుడూ ఆకుపచ్చ రంగులోనే ఉండేది. వాళ్లమ్మను మెచ్చుకుని వచ్చేదాన్ని. ఆ పెరట్లో, నేలకు సమంగా ఉన్న నీళ్ల తొట్టి పక్కనే నిలబడి కాళ్లు కూడా కడుక్కునేదాన్ని. దానికి మూత లేదన్న సంగతి నా కంట్లో పడలేదు. రెండేళ్లు నిండని ఆ పాప అందులోనే పడి పోయింది. నా రిజిస్టరులో మాత్రం ఆ నెలకూడా ఆరోగ్యంగానే ఉంది.

ఆ తర్వాత ఇల్లిల్లూ తిరిగి జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టాను. తల్లులు తలూపేవారు, మజ్జిగ ఇచ్చి పంపేవారు. మళ్లీ వెళ్తే కిరోసిన్ అదే నీళ్ల సీసాలో, అదే గూట్లో! అత్తగారి ముందు తప్పులెన్నితే ఏ కోడలు మాత్రం నోరు విప్పుతుంది?

అందుకని చెప్పడం మానేసి, నేల మీద చతికిలబడ్డాను. "నువ్వూ కూర్చోమ్మా, మీవాడి చేతికి ఏమేం అందుతాయో చూద్దాం" అనేదాన్ని. అప్పుడు వాళ్లే చూపించేవారు. దించి కింద పెట్టిన పులుసు గిన్నె, మంచం కింద ఎలుకల మందు, కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచిన పురుగుమందు. అక్కడికక్కడే సర్దేసేవాళ్లం. రేపు చేస్తామన్నది ఎప్పటికీ జరగదు. మూత కొనలేని ఇంట్లో తొట్టి మీద పాత తలుపు చెక్క వేసి బండరాయి పెట్టాం.

కిరోసిన్ తాగిన బిడ్డకు ఉప్పునీళ్లు పట్టి కక్కించేవారు. కక్కిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కక్కించకుండా ఆసుపత్రికి పరుగెత్తండని నమ్మించడానికి ఏళ్లు పట్టింది. కాలిన చోట టూత్‌పేస్టు మానిపించడానికి ఇంకా పట్టింది. ఇరవై నిమిషాలు చల్లని పంపునీళ్లు పోయమంటే, బొబ్బలెక్కుతాయని నాతోనే పోట్లాడేవారు.

ఇప్పుడు మా మనవడికి రెండేళ్లు. ఇంట్లో కిరోసిన్ లేదు. బాత్‌రూములో నిండు బకెట్టు ఉంది, బొమ్మల్లో బిళ్ల బ్యాటరీలు ఉన్నాయి. అది మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మొన్న నేను నేల మీద కూర్చుని వెతుకుతుంటే కోడలు కూడా వచ్చి కూర్చుంది. సోఫా కింద చెయ్యి పెట్టి ఒకటి తీసి, ఏమీ అనకుండా నా చేతిలో పెట్టింది. అది నా బీపీ మాత్ర.