పాత కాలు మిషన్ కొన్న ముచ్చట
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)

మా పొదుపు, అప్పుల లెక్కలు ఈ పుస్తకంలోనే వేరే పేజీలో ఉన్నాయి. పాత కుట్టు మిషన్ సంగతి చెప్పమని అడిగారు కాబట్టి అదే చెబుతాం.

మా సంఘంలో ఒక చెల్లె భర్తకు నడుముకు దెబ్బ తగిలి కూలి పని బందయింది. ఆమెకు కుట్టు మంచిగా వచ్చు, మిషన్ మాత్రం లేదు. బడి పిల్లల యూనిఫాంలు కుట్టే పని మహిళా సంఘాలకు ఇస్తున్న సంగతి మీకు తెలిసిందే. ఎండాకాలం పోకముందే మిషన్ ఇంట్లో ఉంటేనే ఆ పని చేతికొస్తుంది. కొత్త కాలు మిషన్ టౌన్లో అడిగితే తొమ్మిది వేల పైనే చెప్పారు. ఆమెకు అప్పటికే బ్యాంకు అప్పు కిస్తీ నడుస్తోంది. ఇంకో పెద్ద అప్పు నెత్తిన పెడితే నాలుగో నెలకే తప్పుతుందని అందరికీ భయమే.

పాతది చూద్దాం అన్నప్పుడు మా పెద్దక్క ఒకామె లేచి, "పాత ఇనుప సామానుకు సంఘం పైసలు పోస్తరా? అది నడవకపోతే ఆ పిల్ల ఏం చేసి కడ్తది?" అని అడిగింది. న్యాయమైన మాటే. ఒక్కరు తప్పితే సంఘం మొత్తానికి పేరు పోతుంది. అందుకే మిషన్ ధర, రిపేరు కలిపి నాలుగు వేలు దాటొద్దని, మన గుడ్డ మీద కుట్టి చూడకుండా ఒక్క రూపాయి బయానా ఇవ్వొద్దని తీర్మానం పుస్తకంలో రాసుకున్నాం. పైసలు మా పొదుపులో నుంచే, నూటికి రూపాయి వడ్డీ మీద.

ముందు చూసింది కొత్తగా రంగు వేసి అద్దంలా మెరుస్తున్న మిషన్. మూత తీస్తే లోపల పడవలాంటి షటిల్, సన్నటి పొడుగు బాబిన్. ఆ రకం చాలా పాతది. కుట్టు చక్కగానే పడుతుంది, కానీ షటిల్ పోతే మన టౌన్లలో దొరకడం కష్టం. వద్దనుకున్నాం. పైగా ఈమధ్య అలాంటివాటిని హోటళ్ళలో అలంకారానికి కొంటున్నారు, దాంతో ధర కూడా పెంచేశారు. బతుకుతెరువుకు కొనేవాళ్ళు గుండ్రటి బాబిన్, బాబిన్ కేసు ఉన్నదే చూసుకోవాలి.

రెండోది ఒక దర్జీ ఇంట్లో మెట్ల కింద పడి ఉంది. ఆయన పోయాక ఎవరూ ముట్టలేదట. నల్లటి సింగర్, బంగారు అక్షరాలు సగం చెరిగిపోయాయి. మిషన్ కింది భాగాన కొట్టిన నంబరులో ఇంగ్లీషు 'ఈ', పక్కన ఇంకో అక్షరం, తర్వాత ఆరు అంకెలు ఉన్నాయి. మా సభ్యురాలి కొడుకు ఫోనులో వెతికి, అలాంటి నంబర్లు స్కాట్లాండ్ దేశంలోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీవని చెప్పాడు. ఆ ఫ్యాక్టరీ 1980లోనే మూతపడిందట. యంత్రాలంటే అంతగా ఇష్టపడని గాంధీజీ కూడా 1924లో ఈ సింగర్ మిషన్‌ను మాత్రం పనికొచ్చే వస్తువుల్లో లెక్కవేశారు. ఈ మాట చెప్తే మా పెద్దక్క, "గాంధీ తాత కిస్తీ కడ్తడా?" అన్నది.

చక్రం బిగుసుకుపోయి ఉంది. బిగుసుకున్నంత మాత్రాన మిషన్ చచ్చినట్టు కాదు. చూడాల్సింది వేరే. స్టాండుకు, తలకు పగుళ్ళు ఉన్నాయా, గుడ్డను లాగే పళ్ళు అరిగి నున్నగా అయ్యాయా, షటిల్ తిరిగే చోట తుప్పు గుంటలు పెట్టిందా, సూది కడ్డీని వేళ్ళతో పట్టి ఊపితే వదులుగా ఆడుతోందా. ఇవి బాగుంటే మిగతాది మురికే. చెక్కబల్లకు ఒక మూల చెద పట్టింది, అది చూపించి రెండు వందలు తగ్గించాం.

కుట్టి చూడాలన్నది తీర్మానం కదా, చక్రమే తిరగకపోతే ఎట్లా? వాళ్ళ ఇంట్లోనే కడిగి చూస్తామని అడిగాం, ఆమె సరేనంది. కిరసనాయిలు దొరకడానికే ఒక పూట పట్టింది. నూనె రంధ్రాలన్నిటిలో చుక్కలు వేసి, తల వెనక్కి వాల్చి కింది కీళ్ళకూ వేసి రాత్రంతా వదిలాం. పొయ్యికి, దీపానికి దూరంగానే సుమా. తెల్లారి చక్రాన్ని అటుఇటు మెల్లగా కదిపాం. సుత్తితో కొట్టడం, బలంగా తిప్పడం అస్సలు చేయొద్దు. రెండో రోజు మధ్యాహ్నానికి తిరిగింది. లోపలి నుంచి నల్లటి జిగురు ముద్దలు ఊడాయి. కొబ్బరినూనె వాడకం అది! అక్కా, తలకు పెట్టేది తలకే పెట్టండి. మిషన్లో అది గడ్డకట్టి, గుడ్డ పీచుతో కలిసి బంక అవుతుంది. కిరసనాయిలుతో కడిగాక తుడిచి మిషన్ నూనె వేయాల్సిందే, లేకుంటే ఇనుము తుప్పు పడుతుంది. తొక్కే పలక కీళ్ళకు కూడా వేయాలి, బెల్టుకు మాత్రం అంటనివ్వొద్దు. బంగారు అక్షరాల మీద గరుకు కాగితం రుద్దితే ఉన్నవి కూడా పోతాయి, మిషన్ నూనె అద్దిన మెత్తటి బట్ట చాలు.

కొత్త సూది పెట్టి కుడితే కింద దారం ఉచ్చులు ఉచ్చులుగా వచ్చింది. పక్కనున్నవాళ్ళు బాబిన్ కేసు పోయిందన్నారు. ఉచ్చులు కింద కనిపిస్తే తప్పు చాలాసార్లు పైదారానిదే. దారం పోయే రెండు బిళ్ళల మధ్య ఎప్పటిదో తెగిన దారం ముక్క ఇరుక్కుని ఉంది. పాదం పైకి లేపి, ఆ ముక్క లాగేసి మళ్ళీ దారం ఎక్కిస్తే కుట్టు రెండు వైపులా సమంగా పడింది. కుట్టు మధ్యలో దాటేస్తుంటే ముందు సూది మార్చి చూడండి, వంగినా మొండిదైనా అంతే. చక్రం పైభాగం మన వైపు తిరగాలి, వెనక్కి తొక్కితే దారం చిక్కుపడుతుంది.

నాలుగు మడతల ప్యాంటు గుడ్డ కుట్టి చూశాకనే పైసలు ఇచ్చాం. మిషన్‌కు 2,800, తోలు బెల్టు, సూదులు, నూనె, చెక్క పనికి 840, మొత్తం 3,640 రూపాయలు. మోటారు పెట్టించమని కొందరు అన్నారు. ఇప్పుడే వద్దన్నాం. పళ్ళు అరిగిన మిషన్‌కు మోటారు పెడితే తప్పు కుట్టు తొందరగా పడుతుంది, అంతే. మంచి మిషన్‌కైతే తర్వాత ఎప్పుడైనా పెట్టుకోవచ్చు, కరెంటు పోయినా కాలు ఉంటుంది.

చెల్లె జూన్‌లోపు తన వాటా యూనిఫాంలు కుట్టి ఇచ్చింది. పది కిస్తీల్లో ఏడు కట్టింది, మిగిలినవి నడుస్తున్నాయి. జాకెట్లు కుట్టించుకునేవాళ్ళలో మొదట గుడ్డ తెచ్చింది మా పెద్దక్కే, కూలి మాత్రం పది రూపాయలు తగ్గించి ఇచ్చింది. మీ ఊళ్ళో అటక మీద, మెట్ల కింద ఇలాంటి మిషన్ ఉండి, కొనాలా వద్దా అని తేలకపోతే మా సంఘానికి కబురు పెట్టండి. మేమిద్దరం వస్తాం. ఒక కొత్త సూది, దారపు ఉండ, మందపాటి గుడ్డ ముక్క మీరు దగ్గర పెట్టుకోండి, నూనె డబ్బా మేము తెస్తాం.