మెత్తని జీను: మోసెడి వీపు
(మంగళవాడ తెలుగువారి సభలో చేసిన ప్రసంగము)



ఎద్దుపై గంత వైచునపుడు వెన్నుపూసపై బరువు పడరాదని మన వర్తకకుటుంబములవారు తరతరములుగా ఎఱుగుదుము. గుఱ్ఱపు జీనుకును అదియే నీతి. జీనులోని కొయ్యచట్రము రౌతు బరువును వెన్నునకు ఇరుప్రక్కల పంచును. చట్రములేని మెత్తని జీనుపై రౌతు గుఱ్ఱమునకు దగ్గరగా కూర్చుండును. దాని నడక అతనికి చక్కగా తెలియును. కాని వెడల్పైన గుఱ్ఱముపై తొడలు మిక్కిలి విచ్చుకొని నొచ్చును. అంకవన్నెలపై లేచినచో పట్టీలున్న చోటనే బరువు పడును. 2012లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు కొలిచి చూడగా, అట్టి జీనుక్రింద ఒత్తిడి రౌతు కూర్చుండు తావుననే కుదురుకొనుచున్నదని తేలినది. కావున మెత్తదనమునకే మురియక, నడుమ వెన్నునకు సందు విడుచు దళసరి మెత్తను అడుగున వేయుదము. దిగిన పిమ్మట వీపు తడిమి చూతము. మోసెడి జీవము నొప్పి లెక్కకు రాని బేరము నష్టపు బేరమే.